వ్యాను కింద దొరికిన ఉలవ కాడలు

నాలుగేళ్ళుగా నేను ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. భోజనాల దగ్గర అడిగితే చారు వడ్డించారు. ఫోనులో అడిగితే మాట సరిగ్గా వినపడటం లేదన్నారు. ఫ్యామిలీ గ్రూపులో రాసి పెట్టాను. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఈలోగా ఎవరిదో పుట్టినరోజని ఇంకొకరు కేకు బొమ్మ పెట్టారు. దాని వెనక ఇరవై కేకులు వచ్చాయి, నా ప్రశ్న పైకెక్కి కనపడకుండా పోయింది. అందుకే ఈసారి మొదటి నుంచి రాస్తున్నాను. చదివేవాళ్ళకి మా కుటుంబం సంగతులన్నీ అక్కర్లేదు, వ్యాను సంగతి తెలిస్తే చాలు.

అది ఏడుగురు కూర్చునే వ్యాను. మధురవాడలో ఉండే మా అక్క ఇల్లూ, గాజువాకలో ఉండే మా ఇల్లూ కలిసి కొన్నాం. తాళాలు రెండు, ఇంటికొకటి. షెడ్డు మాకే ఉంది కాబట్టి బండి మా ఇంట్లో ఉండేది, నడిపేది నేను. ఆ మాట ఎవరూ ప్రత్యేకంగా అనుకోలేదు. ముప్పై ఏళ్ళు లోకో నడిపినవాడు ఇంట్లో ఉండగా ఇంకెవరు నడుపుతారు?

నా ఉద్యోగం ఉక్కు కర్మాగారంలో. లోకో అనగానే అందరికీ రైలూ ప్రయాణికులూ గుర్తొస్తారు. నా వెనక ఉండేది కరిగిన ఇనుము. బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర నింపుకుని ఉక్కు తయారుచేసే చోటికి చేర్చాలి. నడిచే మనిషి కంటే కొంచెం జోరుగా, అంతే. ఒక్క కుదుపు చాలు, అంచు మీంచి చిందుతుంది. చిందిన చోట ఎవరుంటారన్నది మన చేతిలో ఉండదు. నాకు పని నేర్పిన సీనియరు మీటర్ల పక్కన నిండా టీ పోసిన గ్లాసు పెట్టేవాడు. "ఇది ఒలక్కుండా సివరిదాకా వత్తే నువ్వు డ్రైవరువి. ఒలికితే ఇంటికెల్లి ఫేంటు ఉతుక్కో" అనేవాడు. మూడు నెలలు ఉతుక్కున్నాను. ఆ తర్వాత ఒక్క చుక్క ఒలకలేదు.

ఆ చేత్తోనే వ్యాను నడిపాను. అదే నవ్వులాటైంది. బండి కొన్న కొత్తలో అందరం రుషికొండ వెళ్ళాం. అక్కడ సముద్రపు గాలికి ఇసక కొట్టుకొచ్చి రోడ్డు మీద పల్చగా పరుచుకుంటుంది. చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది, మలుపులో బ్రేకు వేస్తే గచ్చు మీద ఆవాలు పోసి నడిచినట్టే. అందుకని మలుపు రాకముందే వేగం తగ్గించాను. ముందు సీట్లో మా అక్క భర్త ఉన్నాడు. మాలో బావా బావమరుదులం ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం.

"ఏటి బావా, ఎనకాల ఇనుం గాని ఉందేటి? మనుసులమే కూకున్నాం" అన్నాడు.

వ్యానంతా నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది. మూడో వరుసలో కూర్చుంది కదా, తెలియదనుకుంది. అద్దంలో కనిపించింది.

ఇంకోసారి పోర్టు రోడ్డు. అక్కడ లారీల నుంచి రాలిన బొగ్గుపొడి ఎప్పుడూ ఉంటుంది. పెద్ద వాన పడితే భయం లేదు, కడుక్కుపోతుంది. చిరుజల్లు పడ్డప్పుడే పొడి తడిసి కాటుకైపోతుంది. ఆ రోజు చిరుజల్లే. ముందు బండికీ నాకూ మధ్య ఇంకో రెండు లారీలు పట్టేంత జాగా వదిలి నడుపుతున్నాను. మా మేనల్లుడు, అంటే బావ కొడుకు, వెనక నుంచి "మావయ్యా, ఇప్పుడొక సైకిల్ మనల్ని దాటి ఎల్లిపోయింది, సూసావా?" అన్నాడు. చూశాను. ఆ సైకిల్ తర్వాత ఒక మోటారుసైకిల్ కూడా దాటింది, ముందు వంపులో పక్కకి జారి పడింది. నేను నిదానంగా ఆపాను, అతను లేచి మోకాలు దులుపుకుని వెళ్ళాడు. అది మా వాళ్ళెవరూ చూడలేదు. సైకిల్ జోకుకి నవ్వి మళ్ళీ ఫోన్లలో పడ్డారు.

జరగని ప్రమాదానికి సాక్షి ఉండడు. రోడ్డు బాగుందంటారు, దేవుడు చల్లగా చూశాడంటారు. నడిపినవాడు ఎవరికీ గుర్తుకురాడు. వాడి వల్ల అయిన ఆలస్యం మాత్రం గుర్తుంటుంది.

ఇక అసలు విషయం. నాలుగేళ్ళ కిందట మాఘమాసంలో నా మేనకోడలు, బావ పెద్దకూతురు, గృహప్రవేశం చేసుకుంది. వాళ్ళ అత్తవారి ఊరు ఆనందపురం దాటి హైవే దిగి లోపలికి వెళ్ళాలి. ముహూర్తం పొద్దున్న ఎనిమిదికి. కొత్త ఇంట్లో పాలు పొంగించే గిన్నె ఆడపిల్ల పుట్టింటి నుంచి వెళ్ళాలన్నది మా వాళ్ళ పద్ధతి. అక్క ఇత్తడి గిన్నె కొని, చింతపండుతో తోమి, పసుపు రాసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారంతా దాన్ని కింద పెట్టలేదు.

ఆనందపురం దగ్గర మంచు. పెద్ద లైట్లు వేస్తే వెలుగు తిరిగి మన కళ్ళలోనే పడుతుంది. కింది లైట్లు వేసుకుని, రోడ్డు అంచున తెల్లగీత పట్టుకుని వెళ్ళాను. పూలబుట్టల ఆటోలు, రాంగు రూటులో వచ్చే ట్రాక్టర్లు, అన్నీ దాటాం. హైవే దిగేసరికి ఇంకా ముప్పావుగంట ఉంది. ఊరు ఐదు కిలోమీటర్లు. అంటే నేను ఆలస్యం చేయలేదు. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నాను.

రెండు కిలోమీటర్లు వెళ్ళాక రోడ్డు మీద ఉలవలు. ఉలవ పంట కోశాక కళ్లం లేనివాళ్ళు మొక్కలు మొక్కలుగా తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుతుంటే గింజ రాలుతుంది. ఆ నూర్పిడి మా ఉత్తరాంధ్రలో అందరూ ఎరిగిందే. ముందురోజు పరిచినవి అలాగే ఉన్నాయి. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఒక వీధంత పొడుగున, మోకాలి ఎత్తు. ఒక పక్క చేను, ఇంకో పక్క కాలువ.

ఆపాను.

"ఏటయినాది బావా?" అన్నాడు బావ. ఆ రోజు కూడా ముందు సీట్లో నా పక్కనే ఉన్నాడు. ఇది గుర్తుంచుకోండి.

"ఉలవలు."

"కనబడతన్నాయి. ఎక్కించీ."

"ఎక్కించను. మంచుకి తడిసున్నాయి."

తలకి తువ్వాలు చుట్టుకున్న రైతు పరుగున వచ్చాడు. "ఎక్కించండి బాబూ, పర్నేదు. రెండు లారీలు ఎలిపోనాయి, బస్సు ఎలిపోనాది. మీరూ ఓ తొక్కు తొక్కితే మాకు పున్నెం."

"జారుతుంది కదా."

"జారితే సేలోకే కదా బాబూ, మెత్తగానే ఉంతాది."

"ఆ పక్క కాలవ ఉంది."

"కాలవలో నీల్లు నేవు బాబూ."

సగం పక్కకి లాగమన్నాను. మనుషులు తొమ్మిదికి గాని రారన్నాడు. నేను దిగి కాడల మీద కాలు పెట్టాను. కాలు సర్రున జారింది, వ్యాను తలుపు పట్టుకోకపోతే పడేవాణ్ణి. "చూశావా?" అన్నాను బావతో.

"సూసాను. నీ సెప్పు అరిగిపోనాది బావా, కొత్త జోడు కొనుక్కో."

లారీ బరువు వేరు, ఏడుగురున్న వ్యాను బరువు వేరు. తడి కాడల మీద చక్రం తిరుగుతుంది గాని బండి మన మాట వినదు. ఎండిన కాడలైతే ఇంకోరకం ప్రమాదం. అవి లాగుకుని బండి కింద తిరిగే షాఫ్టుకి చుట్టుకుంటాయి. పక్కనే సైలెన్సరు కాలుతూ ఉంటుంది. ఇదంతా బావకి అక్కడే, ఆ రోడ్డు మీదే చెప్పాను. విన్నాడు. "ఇన్నాను బావా, ఇంక పోనీ" అన్నాడు కూడా.

నేను వెనక్కి తిప్పాను. మళ్ళీ హైవే ఎక్కి, ఇంకో దారిన చుట్టూ తిరిగి వెళ్ళేసరికి ఎనిమిదీ నలభై. ముహూర్తం ఆగదు కదా. పక్కింటావిడ ఇచ్చిన గిన్నెలో పాలు పొంగాయి. అక్క ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని వ్యానులోనే కూర్చుంది, చాలాసేపు దిగలేదు. అది నాకూ బాధే. మేనకోడలు గుమ్మంలోకి వచ్చి "మావయ్యా, దారి తెలీదేటి?" అంది. తెలుసన్నాను. అప్పుడు బావ ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. తను చూసింది చెబితే చాలు. వియ్యాలవారందరి ముందూ బావ అన్న మాట ఇది:

"మా బావ ఉలవలకి బయిపడిపోనాడు."

ఆ రోజు నుంచి నేను ఉలవల బావని. చిన్నపిల్లలకి ఉలవల తాత. ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ బారసాలకి వెళ్ళినా, "బావకి ఉలవచారు ఎయ్యండిరా, రోడ్డు మీద తొక్కనేదు గాని పల్లెంలో తొక్కుతాడు" అంటాడు. ఎన్ని విందుల్లో అన్నాడో నాకు లెక్క ఉంది. ఇక్కడ రాయను.

ఇప్పుడు నా ప్రశ్న దగ్గరికి వచ్చాను. గృహప్రవేశం అయిన పది రోజులకి బావ ఒక్కడే కూతురింటికి వెళ్ళొస్తానని, తన తాళంతో మా షెడ్డులోంచి వ్యాను తీసుకెళ్ళాడు. పదిగంటలకి వెళ్ళి సాయంత్రం తెచ్చి పెట్టాడు. టీ తాగమంటే తలనొప్పిగా ఉందని ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. బావ మా ఇంట్లో టీ కాదన్నది అదొక్కసారే.

మర్నాడు బండి కడుగుదామని తలుపు తీశాను. గుప్పున అగరుబత్తి వాసన. ఏసీ గాలి వచ్చే చోట రెండు పుల్లలు గుచ్చి ఉన్నాయి. ఆ వాసన కింద ఇంకో వాసన, పొయ్యిలో పచ్చి పుల్ల కాలినట్టు. గోనెసంచి పరుచుకుని, టార్చి పట్టుకుని బండి కిందకి దూరాను. షాఫ్టు చుట్టూ ఉలవ కాడలు. బొంగరానికి తాడు చుట్టినట్టు బిగుసుకున్నాయి. సైలెన్సరు వైపు ఉన్నవి నల్లగా కాలిపోయాయి. పక్కనున్న వైరు తొడుగు కరిగి కారింది. ఆ చుట్టుపక్కలంతా తడిమట్టి చల్లి ఆరిన మచ్చలు. అంటే మంట లేచింది. ఎవరో మట్టి పోసి ఆర్పారు.

హాక్సా బ్లేడుతో కోసి తీస్తే సగం బకెట్టు వచ్చాయి. ఒక గుప్పెడు బిస్కెట్ల డబ్బాలో వేసి మూతపెట్టాను. ఈ రోజుకీ ఉంది.

ఆ సాయంత్రమే మధురవాడ వెళ్ళి అడిగాను. "బావా, వ్యాను కింద ఉలవ కాడలున్నాయి. కాలిపోయున్నాయి. ఎక్కడివి?"

"ఏమో బావా. గాలికి వొచ్చుంటాయి."

గాలికి వచ్చిన కాడలు షాఫ్టుకి చుట్టుకోవు. అదే అన్నాను. అక్క లోపలి నుంచి వచ్చి "ఒరే తమ్ముడా, ఒగ్గీరా. ఆయనకి బీపీ ఉంది" అంది. బీపీ నాకూ ఉంది. మేనకోడలికి ఫోన్ చేశాను. "నాన్న ఆ రోజు సొక్కా అంతా మసి సేసుకుని వచ్చారు మావయ్యా. టైరు మార్చేనన్నారు" అంది. వెళ్ళి స్టెప్నీ చూశాను. దాని బోల్టు మీద ఆరు నెలల దుమ్ము అలాగే ఉంది.

తర్వాతి నెలలో అందరం అక్క ఇంట్లో భోజనాలకి కలిశాం. పెరుగు చాల్లేదంటే వీధి చివరికి వెళ్ళి తెచ్చాను. ఆ పది నిమిషాల్లో వ్యాను ఇకనుంచి మధురవాడలో ఉంటుందనీ, మేనల్లుడు నడుపుతాడనీ నిర్ణయం అయిపోయింది. "నీకు వయసైపోనాది బావా, ఎనక కూకుని హాయిగా రా" అన్నాడు బావ. పెరుగు మాత్రం అందరూ వేసుకున్నారు.

మేనల్లుడు చెడ్డ డ్రైవరు కాదు. ఇరుకు సందులో బండి తిప్పడం నాకంటే వాడికే బాగా వచ్చు. వాడికి నేర్పుదామని ఒకసారి డాష్‌బోర్డు మీద నిండా నీళ్ళ గ్లాసు పెట్టాను. "ఇది ఒలక్కుండా నడపాలి" అన్నాను. వాడు గ్లాసు తీసి నీళ్ళు తాగేసి, "ఇంక ఒలకదు మావయ్యా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నీళ్ళు తాగితే తాగాడు. ఘాటు రోడ్డు దగ్గర మాత్రం నవ్వుకి చోటు లేదు. పోయిన చలికాలం అరకు వెళ్ళాం. దిగేటప్పుడు వాడు గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేశాడు. బండి తన బరువుకి తనే జారుతోంది, వాడు ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కుతున్నాడు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకుకి పని తక్కువ. ఊరికే తొక్కుతూ పోతే బ్రేకు వేడెక్కి, ఒక మలుపులో పెడల్ కిందదాకా వెళ్ళినా బండి ఆగదు.

"సెకండు గేరు వెయ్యరా" అన్నాను.

"న్యూట్రల్ అయితే డీజిల్ మిగుల్తాది మావయ్యా."

"బ్రేకు కాలిన వాసన వస్తోంది."

"కాఫీ తోటలు మావయ్యా, అలాగే ఉంటాది."

కొండ దిగాక కారేజీలు విప్పుదామని ఆపాం. ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టబోయాను, వేడికి పెట్టలేకపోయాను. రమ్మని పిలిచి చూపించాను. "సలికాలం కదా మావయ్యా, సేతులు కాసుకో" అన్నాడు. వాళ్ళ నాన్న ముందు సీట్లో కూర్చుని అన్నీ విన్నాడు, అన్నీ చూశాడు. కారేజీలో ఏముందని మాత్రం అడిగాడు. వాడు వినేది వాళ్ళ నాన్న మాట ఒక్కటే.

ఈ ఆదివారం మళ్ళీ అరకు వెళ్తున్నారు. ఈసారి నా మనవరాలు కూడా వెళ్తుంది. ఆరేళ్ళది. కిటికీ పక్క సీటు తనదేనని ఇప్పటికే అందరికీ చెప్పేసింది. పంపొద్దన్నాను. "మీ ఉలవల గొడవ ఉలవలతో పెట్టుకోండి, పిల్లనెందుకు ఆపుతారు?" అంది మా ఆవిడ. అందరికీ ఇది పాత కోపంగానే కనిపిస్తోంది. కోపం ఉంది, అబద్ధం ఎందుకు. కానీ ఘాటులో ఉలవల బావ "సెకండు గేరు" అంటే ఎవరు వింటారు? ఆ పేరు పోతే నా మాట వింటారు. ఆ పేరు పోవాలంటే ఆ కాడలు ఎక్కడివో బావ చెప్పాలి.

నిన్న డబ్బా పట్టుకుని బావ ఇంటికి వెళ్ళాను. టీవీలో క్రికెట్ చూస్తున్నాడు. ముందున్న బల్ల మీద డబ్బా పెట్టి మూత తీశాను. బావ వంగి చూశాడు.

"ఇంకా ఉంచావేటి బావా?" అన్నాడు.

'ఇవేటి' అనలేదు. 'ఇంకా ఉంచావేటి' అన్నాడు. అక్క టీ తెస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. డబ్బా వంక చూసింది, ఆయన వంక చూసింది. నాలుగేళ్ళలో మొదటిసారి నా వైపు మాట్లాడింది. "అడుగుతన్నాడు కదండీ. సెప్పండి మరి."

"ఆదివారం మాటాడుకుందాం" అని బావ టీవీ సౌండు పెంచాడు.

సరే బావా. ఆదివారమే. నువ్వు ఇది చదువుతావని నాకు తెలుసు. ఆ మిట్టమధ్యాహ్నం ఆ రోడ్డు మీద ఒక్కడివే బండి కింద మట్టి పోస్తూ ఎంత భయపడి ఉంటావో నాకు తెలుసు. దానికి నేను నవ్వను. నీకు పేరూ పెట్టను. పొద్దున్న ఐదింటికి డబ్బాతో మీ గుమ్మం ముందు ఉంటాను. బండి నీ కొడుకే నడపనీ, నేను మూడో వరుసలో నా మనవరాలి పక్కన కూర్చుంటాను. కానీ వ్యాను తలుపు తెరవకముందు, నీ కొడుకు వినేలా, ఆ కాడలు మన షాఫ్టుకి ఎక్కడ చుట్టుకున్నాయో చెప్పు. కొండ దిగేటప్పుడు బండి ఏ గేరులో ఉండాలో కూడా నువ్వే చెప్పు.

అంతవరకు ఆ తలుపుకి అడ్డంగా నేను నిలబడి ఉంటాను. చెప్పు బావా.